బడి సంవత్సరం ముగింపు కరపత్రం ఎట్లా వేయాలి? వార్తలు, ధన్యవాదాలు, పంపిణీ (నల్గొండ టౌన్ సర్కారు బడులు)

కాంప్లెక్స్_హెచ్ఎం_నల్గొండ | 25 ఏప్రిల్ 2021, సాయంత్రం

అందరికీ నమస్కారం. విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారి ప్రకటన చూసే ఉంటారు. రేపు 26 చివరి పనిదినం, 27 నుంచి మే 31 దాకా సెలవులు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అందరూ పై తరగతికి పాస్.

మామూలు సంవత్సరమైతే చివరి రోజు తల్లిదండ్రులను పిలిచి, ప్రోగ్రెస్ కార్డులిచ్చి, నాలుగు మాటలు చెప్పి పంపేవాళ్లం. ఈసారి కరోనా వల్ల పదిమందిని ఒకచోట కూర్చోబెట్టే పరిస్థితి లేదు. అందుకని మా స్కూల్ కాంప్లెక్సు (చుట్టుపక్కల సర్కారు బడుల సమూహం)లోని బడులన్నిటి తరఫున ఒకే కరపత్రం వేద్దామని హెచ్ఎంలం (హెడ్మాస్టర్లం) అందరం అనుకున్నాం. ప్రాథమిక పాఠశాలలు, హైస్కూళ్లు, ఒక ఉర్దూ మీడియం బడి ఉన్నాయి. సంవత్సరం ఎట్లా గడిచిందో, ఇప్పుడు తల్లిదండ్రులు ఏం చేయాలో అందులో చెప్పాలి. సాయం చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పాలి. మొత్తం కాపీలు 1,200 దాకా పడతాయి.

అడగాల్సినవి మూడు. ఏయే వార్తలు తప్పకుండా ఉండాలి, ఏవి వదిలేయొచ్చు? ధన్యవాదాల్లో ఎవరి పేర్లు రాయాలి? జాబితా పెంచుకుంటూ పోతే ఎవరూ చదవరు, తగ్గిస్తే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఇక అచ్చు, ఖర్చు, పంపిణీ. రాత్రి 9 నుంచి కర్ఫ్యూ, పగలు కూడా జనం భయపడుతున్నారు. ఇంటింటికీ ఎట్లా చేర్చాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

మాజీ_ఎంఈఓ_దేవరకొండ | 25 ఏప్రిల్, రాత్రి

హెచ్ఎం గారూ, మంచి పని తలపెట్టారు. ముందు వార్తల సంగతి.

తల్లి చేతికి కాగితం అందగానే ఆమె వెతికేది ఒక్కటే: నా పిల్లవాడు పాసయ్యాడా, జూన్‌లో ఏ బడికి పోవాలి? కాబట్టి అది మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. సందేశాలు, అభినందనలు తర్వాత. 1–9 పిల్లలు పరీక్ష లేకుండానే పై తరగతికి పోతున్నారని రాయండి. దాని కిందనే బడి మారాల్సిన పిల్లల గురించి రాయండి. ఐదు పూర్తయినవాళ్లు ఏ హైస్కూల్లో ఆరులో చేరాలో ఆ బడి పేరుతో రాయండి. ప్రాథమిక పాఠశాల ఇచ్చేది రికార్డు షీట్, హైస్కూల్ ఇచ్చేది టీసీ. చాలామంది తల్లిదండ్రులు రెండింటికీ టీసీ అనే అంటారు, కౌంటర్ దగ్గర గందరగోళం అవుతుంది. పుట్టినతేదీ, ఇంటిపేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో సెలవుల్లోనే చూసుకోమని ఒక వాక్యం వేయండి. చైల్డ్ ఇన్ఫోలో (బడి పిల్లల ఆన్‌లైన్ రికార్డు) ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఒక స్పెల్లింగు ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) దగ్గర బయటపడుతుంది. అప్పటికి దిద్దాలంటే తండ్రి పని మానుకుని తిరగాలి.

పదో తరగతి సంగతి వేరే పెట్టెలో రాయండి, తొమ్మిదితో కలిపి రాస్తే అపార్థం వస్తుంది. మే 17 నుంచి జరగాల్సిన పరీక్షలు రద్దయ్యాయి. ఫలితాలు ఏ ప్రాతిపదికన ఇవ్వాలో ఎస్సెస్సీ బోర్డు నిర్ణయిస్తుంది. వచ్చిన ఫలితంతో తృప్తి లేనివాళ్లకు పరిస్థితులు కుదుటపడ్డాక పరీక్ష రాసే అవకాశం ఉంటుందని ఉత్తర్వులోనే ఉంది. ఇంతవరకే రాయండి. ఫలానా మార్కులు లెక్కలోకి తీసుకుంటారట అని వాట్సాప్‌లో తిరిగేది ఒక్క ముక్క కూడా కరపత్రంలోకి రానీయకండి. బడి పేరుతో అచ్చయిన మాటను జనం జీవోలాగే నమ్ముతారు.

తర్వాత సంవత్సరం ఎట్లా గడిచిందో ఐదారు లైన్లలో చెప్పొచ్చు. తేదీలు ఇవి: 2020 మార్చి 16న బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ (ప్రభుత్వ విద్యా ఛానల్) లలో పాఠాలు. 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు తెరిచారు, తల్లిదండ్రుల అంగీకార పత్రంతో. ఫిబ్రవరి 24 నుంచి 6, 7, 8. మార్చి 24న మళ్లీ మూత. ఒకటి నుంచి ఐదు దాకా ఈ విద్యాసంవత్సరంలో ఒక్క రోజు కూడా బడి తెరవలేదు. ఈ చివరి వాక్యం తప్పకుండా వేయండి. అది బడి తప్పు కాదు, దాచాల్సిన సంగతీ కాదు. వచ్చే సంవత్సరం చేయాల్సిన పనంతా దాని మీదనే ఆధారపడి ఉంది.

వదిలేయాల్సినవి: అధికారుల ఫొటోలు, ముందుమాటలు, పథకాల జాబితా. నాలుగు పేజీల కాగితంలో వాటికి చోటు లేదు.

ఖర్చు గురించి. సమగ్ర శిక్ష పథకంలో బడి ఖర్చులకిచ్చే స్కూల్ కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు 10 వేలు, 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, వెయ్యి దాకా 75 వేలు, ఆపైన లక్ష. అందులో కనీసం 10 శాతం శుభ్రతకే పెట్టాలి. గ్రాంటు విడుదలైనంతలో ఏ బడి కాపీల ఖర్చు ఆ బడే భరించాలి. ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానం ముందే రాసుకుని, బిల్లు కూడా బడివారీగా విడగొట్టి తీసుకోండి. కాంప్లెక్సు పేరు మీద ఒకే బిల్లు తీసుకుంటే ఆడిట్‌లో ఏ బడి ఖాతాలో చూపాలో తేలదు.

డీటీపీ_ప్రకాశంబజార్ | 26 ఏప్రిల్, పొద్దున

సార్, అచ్చు సంగతి నేను చెప్తా.

ఏ4 కాగితం రెండువైపులా వేసి, మధ్యకు ఒక్క మడత పెడితే నాలుగు పేజీలొస్తాయి. కుట్టు లేదు, పిన్ను లేదు. 70 జీఎస్ఎం కాగితమైతే వెనకవైపు సిరా కొద్దిగా కనబడుతుంది, 80 తీసుకుంటే ఆ బాధ లేదు. 1,200 కాపీలంటే ఆఫ్‌సెట్‌లో ఒకే రంగులో వేయించండి. 300 లోపైతే జిరాక్సే నయం, ప్లేటు ఖర్చు మిగులుతుంది. రంగులు అడగకండి, నలుపు చాలు. ఆ డబ్బుతో అక్షరం సైజు పెంచి ఇంకో రెండొందల కాపీలు వేసుకోవచ్చు.

పేజీల వరుస జాగ్రత్త. కాగితం అడ్డంగా పెడితే పైవైపు ఎడమన నాలుగో పేజీ, కుడిన ఒకటో పేజీ. లోపలివైపు ఎడమన రెండు, కుడిన మూడు. జిరాక్స్ మిషన్‌లో రెండువైపులా వేయిస్తే పొట్టి అంచు మీద తిప్పే ఆప్షన్ పెట్టమని చెప్పాలి. పొడుగు అంచు పెడితే లోపలి రెండు పేజీలు తలకిందులుగా వస్తాయి. మొదటి కాపీని మడిచి చూడకుండా మొత్తానికి ఓకే చెప్పొద్దు.

అక్షరం 13 పాయింట్లు, లైన్ల మధ్య 18. పెద్దవాళ్లు కళ్లద్దాలు లేకుండా చదవాలంటే అంతకన్నా తగ్గొద్దు. ఆ సైజులో చుట్టూ 12 మిల్లీమీటర్లు వదిలితే ఒక పేజీలో శీర్షికలతో కలిపి 150 మాటలు పడతాయి. అంటే నాలుగు పేజీలకు 600 మాటలు. మీ దగ్గర 1,500 మాటలుంటే దానికి తగ్గట్టు అక్షరం కుదించమని అడుగుతారు, అందరూ అడుగుతారు. అట్ల చేస్తే అచ్చయినా చదవడానికి పనికిరాదు. రాసేటప్పుడే తగ్గించండి.

ఇప్పుడు అసలు తంటా. మీరు ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపేది యూనికోడ్. మన ఊరి డీటీపీ షాపుల్లో ఎక్కువభాగం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అనూ ఫాంట్లు. మీ మాటలు నేరుగా అతికిస్తే డబ్బాలొస్తాయి, లేదంటే ప్రశ్నార్థకాలొస్తాయి. కన్వర్టర్‌లో వేస్తే వస్తుంది గానీ క్ష, జ్ఞ, ర వత్తు, రెండు వత్తులున్న అక్షరాలు చెడిపోతాయి. 'శాస్త్రం', 'రాష్ట్రం', 'లక్ష్మి' ఈ మూడూ కన్వర్ట్ అయ్యాక తప్పకుండా చూసుకోవాలి. కొందరు సున్నా బదులు అంకె సున్నా కొడతారు. తెర మీద తేడా తెలియదు, అచ్చులో 'మ౦డల౦' అని ఖాళీగా కనబడుతుంది.

ఈ బాధ వద్దంటే వర్డ్‌లోనో లిబ్రాఫీస్‌లోనో మీరే పేజీ కట్టి పీడీఎఫ్ తెండి. మామూలు అక్షరాలకు మండలి ఫాంటు, శీర్షికలకు రామభద్ర. రెండూ ఉచితం, రెండూ అచ్చులో బాగా వస్తాయి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటు అందులో పొదిగి ఉండాలి, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్‌లో వేరే అక్షరాలొస్తాయి.

ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోయి అచ్చులో మసకగా వస్తాయి. డాక్యుమెంటుగా పంపండి. నలుపు తెలుపులో ముఖాలు నల్లబడతాయి కాబట్టి నీడలో తీసినవి వద్దు. మొత్తం కాగితానికి రెండు ఫొటోలు చాలు.

ఒక్క మాట. ప్రూఫు ఫోన్‌లో చూడొద్దు. ప్రింటు తీసి, పేర్లన్నీ ఒకరు రిజిస్టర్ నుంచి చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద టిక్కు పెట్టాలి.

ఎస్జీటీ_తిప్పర్తి | 26 ఏప్రిల్, మధ్యాహ్నం

ఎంఈఓ సార్ చెప్పిన వార్తలకు తోడు, చదువు ఎంతవరకు వచ్చిందో కూడా కాగితంలో ఉండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం.

'ఇంతశాతం పిల్లలు టీవీ పాఠాలు చూశారు' అని రాయొద్దు. ఆ అంకె మనం రోజూ ఫోన్ చేసి అడిగి పైకి పంపింది. ఫోన్ తండ్రి దగ్గర ఉంటుంది, తండ్రి పనిలో ఉంటాడు. 'చూస్తున్నాడు సార్' అంటాడు, మనం టిక్కు పెడతాం. టీవీ నడిచింది వేరు, పిల్ల కూర్చుని చూసింది వేరు, అర్థమైంది వేరు. దాని బదులు చేతిలో ఉన్న లెక్క రాయండి: ఇచ్చిన వర్క్‌షీట్లు ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని, దిద్ది ఇచ్చినవి ఎన్ని. ఆ కాగితాలు బీరువాలో ఉన్నాయి కాబట్టి ఎవరడిగినా చూపొచ్చు. సబ్జెక్టువారీగా వద్దు, తరగతివారీగా చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. టీవీ పాఠాలు మూడో తరగతి నుంచే. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ఈ సంవత్సరం గదీ లేదు, టీవీ పాఠమూ లేదు. ఇప్పుడు రెండులోకి పోతున్న పిల్ల బడి బల్ల మీద కూర్చోనేలేదు. మూడులోకి పోతున్నవాడి ఒకటో తరగతి 2020 మార్చి మధ్యలో ఆగిపోయింది, రెండో తరగతి జరగనే లేదు. 'అందరూ పాస్' అన్న పెద్ద అక్షరాల కింద ఈ సంగతి తల్లిదండ్రులకు సూటిగా చెప్పకపోతే, చదువు వచ్చేసిందనే అనుకుంటారు. కరపత్రంలో మూడో పేజీ మొత్తం ఈ రెండు తరగతులకే ఇవ్వమని నా అభిప్రాయం. పెద్ద తరగతుల పిల్లలకు పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంది, దీక్ష యాప్ ఉంది, టీశాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. వాళ్లకు రెండు లైన్లు చాలు.

ఆ పేజీలో ఏముండాలంటే:

ఇంట్లో అక్షరాలు నేర్పమంటే అందరూ పలక మీద 'అ, ఆ' పదేసిసార్లు దిద్దిస్తారు. పిల్ల గీత బాగా గీస్తుంది. 'అరటి'లో మొదటి అక్షరం చూపి ఏంటిదంటే చెప్పలేదు. అందుకని వరుస మార్చాలి. ముందు గుణింతం, వత్తు లేని చిన్న మాటలు: తల, వల, కల, పలక, పడవ. రోజుకు ఐదే మాటలు. ఇంట్లో పెద్దవాళ్లు మాట పలకాలి, పిల్ల ఆ మాటను వేలితో చూపాలి. తర్వాత తారుమారు చేసి అడగాలి. ఐదింట్లో నాలుగు చూపితేనే మర్నాడు కొత్తవి. సున్నా ఉన్న మాటలు రెండో వారంలో. ఆ తర్వాత గుణింతాలు ఒక్కొక్కటే: దీర్ఘంతో 'తాత', 'బావ'. గుడితో 'గిలక', 'చిలక'. కొమ్ముతో 'గుడి', 'ముల్లు' అని రాసేరు, 'ముల్లు'లో వత్తుంది, అది ఇప్పుడే వద్దు, 'కుండ' రాయండి. వత్తులు సెలవుల్లో ముట్టుకోకపోయినా నష్టం లేదు, జూన్‌లో మనం చెప్పుకుందాం.

లెక్కలకు చింతగింజలు, పుల్లలు. రెండో తరగతి పిల్లకు 20 దాకా లెక్కించి ఇవ్వడం, 10 లోపు కూడిక, తీసివేత. మూడులోకి పోయేవాళ్లకు పది పుల్లల కట్టలు కట్టించాలి. 34 అంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. ఈ కట్టలు చేత్తో పట్టుకోకుండా నేరుగా పైకి మోసే కూడిక చెప్తే 27కి 15 కలిపి 312 అని రాస్తారు. ఏడూ ఐదూ పన్నెండు అని కింద మొత్తం రాసేసి, పక్కన మూడు వేస్తారు. ఈ తప్పును అట్లాగే అచ్చువేసి, పక్కన కట్టల బొమ్మతో సరైనది చూపండి. బొమ్మ చూస్తే చదువురాని తల్లికి కూడా తెలుస్తుంది.

రోజుకు మొత్తం 20 నిమిషాలు. ఎక్కువ రాయకండి. గంట అని రాస్తే ఎవరూ మొదలే పెట్టరు.

ఎస్ఎంసీ_పానగల్ | 26 ఏప్రిల్, రాత్రి

నమస్తే సార్. నేను తల్లిదండ్రుల దిక్కునుంచి చెప్తున్న.

ధన్యవాదాలల్ల 'సహకరించిన ప్రతి ఒక్కరికీ' అని ఒక్క లైను రాసి వదిలిపెడితే ఎవరికీ చెప్పినట్టు కాదు. ఏం పని చేసిండ్రో ఆ పని రాయండి, పేరు దాని ఎనక. పని రాస్తే జాబితా దానంతటదే చిన్నగైతది. ఏ పనీ చెయ్యనోళ్ల పేరు ముందట రాయనీకి ఏం ఉండదు కదా.

మా దిక్కు చూస్తే అసలు పని చేసినోళ్లు వీళ్లు. ఫిబ్రవరిల బడి తెరవకముందు పది నెలల దుమ్ము, పిచ్చిచెట్లు, మరుగుదొడ్లు సాఫ్ చేసిన మున్సిపాలిటీ కార్మికులు. మధ్యాహ్న భోజనం వండే అక్కలు. టీవీ లేని పిల్లలను తమ ఇంట్ల కూసోబెట్టుకొని పాఠం చూడనిచ్చిన ఇండ్లోళ్లు. కేబుల్ ఆపరేటరు టీశాట్ ఏ నంబరు మీద వస్తదో ఇంటింటికి తిరిగి పెట్టిచ్చినోడైతే ఆయన గూడ. ఆశా అక్కలు, ఏఎన్ఎంలు. సార్లు, మేడంలు గూడ, ఫోన్ లేని ఇండ్లకు వర్క్‌షీట్లు పట్టుకొని వచ్చినోళ్లు.

వంట అక్కల సంగతి ఒకటి మనసుల పెట్టుకోండి. వాళ్లకొచ్చేది నెలకు వెయ్యి రూపాయలు. బడి మూసినన్ని రోజులు వంట లేదు, వంట లేకపోతే బిల్లు లేదు. ఫిబ్రవరి, మార్చిలల్ల వండినదానికి కూరగాయలు, గుడ్ల బిల్లులు పెండింగ్ ఉంటే ముందు ఆ బిల్లు ఆన్‌లైన్ల పెట్టి, అప్పుడు ధన్యవాదాలు రాయండి. చేతికి పైసలు రాకుంట కాగితం మీద పేరొస్తే వాళ్లకు బాధనే.

ఇంగ రెండు మాటలు. కరోనాతోని పోయినోళ్లను యాది చేసుకోవాల్నంటే ఇంటోళ్లను అడిగినంకనే పేరు రాయండి. ఏ జబ్బుతోని అని రాయొద్దు. ఈ రోజులల్ల ఆ మాట పడ్డంక ఆ గల్లీల ఆ ఇంటికి పాలాయన గూడ పోతలేడు. అమ్మనో నాయిననో పోగొట్టుకున్న పిల్లల పేర్లు, ఫొటోలు అసలే వద్దు. వాళ్ల జాబితా హెచ్ఎం సారు దగ్గర ఉంటే చాలు, పై ఆఫీసులకు పంపనీకి పనికొస్తది.

సాయం చేసినోళ్లు ఎన్ని పైసలిచ్చిండ్రో రాయొద్దు. ఐదు వేలిచ్చినాయన పక్కన ఐదొందలిచ్చినామె పేరు చూస్తే ఆమె మల్ల ఇయ్యది. వస్తువు పేరు రాయండి: నోటుబుక్కులు, సబ్బులు, మాస్కులు.

చదువు రాని ఇండ్లకు, లంబాడోళ్ల ఇండ్లకు కాగితం ఒక్కటే సాలదు. రెండు నిమిషాల ఆడియో చెయ్యండి. తెలుగుల ఒకటి, లంబాడీల ఒకటి, ఉర్దూల ఒకటి. లంబాడీది తండా నుంచి వచ్చి ఇంటర్ చదివే పిల్లతోని చదివిస్తే ఇంట్లోళ్లు మంచిగ ఇంటరు.

కాంప్లెక్స్_హెచ్ఎం_నల్గొండ | 27 ఏప్రిల్, పొద్దున

అందరికీ వందనాలు. మీ సూచనల ప్రకారం పేజీలు విడగొట్టాం. ఒకటో పేజీ పాస్, బడి మార్పు, పదో తరగతి పెట్టె. రెండు సంవత్సరం వార్తలు, వర్క్‌షీట్ల లెక్క. మూడు చిన్న తరగతుల ఇంటి పని. నాలుగు ధన్యవాదాలు, కింద జూన్‌లో సంప్రదించాల్సిన బడుల చిరునామాలు.

నాలుగో పేజీ చిత్తుప్రతి ఇది, చూసి దిద్దండి:

"2020–21 విద్యాసంవత్సరంలో కరోనా మహమ్మారి కారణంగా ఏర్పడిన విపత్కర పరిస్థితులలో సైతం విద్యార్థుల విద్యాభివృద్ధికి అహర్నిశలు కృషిచేసిన ఉపాధ్యాయ బృందానికి, సహకరించిన తల్లిదండ్రులకు, ప్రజాప్రతినిధులకు, దాతలకు, పారిశుద్ధ్య, వైద్య సిబ్బందికి హృదయపూర్వక కృతజ్ఞతలు."

ఉర్దూ మీడియం బడి టీచర్ అడిగారు: ఉర్దూ ఇదే కాగితంలో ఒక పేజీ ఇస్తారా, వేరే కాగితం వేస్తారా? అలాగే పంపిణీ సంగతి ఇంకా తేలలేదు.

మాజీ_ఎంఈఓ_దేవరకొండ | 27 ఏప్రిల్

చిత్తుప్రతి చూశాను. ఇది ఏ జిల్లాలోనైనా, ఏ సంవత్సరమైనా వేసుకోవచ్చు. 'కరోనా' తీసేసి 'వరదలు' అని పెట్టినా సరిపోతుంది. పానగల్ ఎస్ఎంసీ వారు చెప్పినట్టు పని ముందు పెట్టి రాస్తే ఇట్లా వస్తుంది:

"పది నెలలు మూసి ఉన్న గదులు కడిగి, నీళ్ల ట్యాంకు సాఫు చేసి, ఫిబ్రవరి 1 నాటికి బడిని పిల్లలు కూర్చునేలా చేసిన మున్సిపల్ కార్మికులకు కృతజ్ఞతలు. వాళ్ల పేర్లు: ...

తమ ఇంటి టీవీ ముందు పక్కింటి పిల్లలకూ చోటిచ్చిన అమ్మలకు కృతజ్ఞతలు. పాఠం టైముకు మీరు సీరియల్ ఆపి ఛానల్ మార్చిన సంగతి పిల్లలు మాకు చెప్పారు.

గదికి 20 మందే కూర్చోవాలన్న నిబంధనతో ఒకే పాఠాన్ని రెండు గదుల్లో రెండుసార్లు చెప్పిన హైస్కూల్ టీచర్లకు, అంగీకార పత్రం మీద సంతకం పెట్టి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు."

ఇట్లా ఆరేడు పేరాలు చాలు. మీ బడుల్లో నిజంగా జరిగినవే రాయండి. రెండు గదుల్లో చెప్పకపోతే ఆ పేరా తీసేయండి. 'అహర్నిశలు', 'విపత్కర' లాంటి మాటలు ఎక్కడున్నా కొట్టేయండి. కార్మికుల పేర్లు వాళ్ల పని చూసే మున్సిపల్ శానిటరీ జవాను దగ్గర దొరుకుతాయి. ముద్దుపేర్లు కాకుండా పూర్తి పేరు అడగండి. కాగితం ఇంట్లో దాచుకుంటారు.

ప్రైవేటు బడుల టీచర్ల గురించి ఒక వాక్యం చేర్చితే బాగుంటుంది. మీ కరపత్రం సర్కారు బడులదే అయినా, గల్లీలో ఖాళీగా ఉన్న ప్రైవేటు టీచర్లు సర్కారు బడి పిల్లలకు కూడా పాఠాలు చెప్పిన చోట్లున్నాయి. గుర్తింపు ఉన్న బడుల టీచర్లకు, సిబ్బందికి ఈ నెల నుంచి రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రభుత్వం ఇస్తోంది. ఇంకా అందనివాళ్లు మీ కాగితం చదివి కనుక్కుంటారు.

డీటీపీ_ప్రకాశంబజార్ | 27 ఏప్రిల్

ఉర్దూకు వేరే కాగితమే వేయండి సార్. ఉర్దూ కుడినుంచి ఎడమకు కాబట్టి మడత కూడా కుడివైపు ఉండాలి. తెలుగు కాగితంలో ఒక పేజీ ఇస్తే అది చివరి పేజీలో పడుతుంది, వాళ్లకది మొదటి పేజీ, మిగతా మూడు పేజీలు ఉర్దూ చదివే ఇంటికి అందనట్టే. పైగా ఉర్దూ ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో కడతారు, దాన్ని తెలుగు పేజీలో కలపాలంటే బొమ్మగా మార్చాలి, అక్షరం పలచబడుతుంది. ఆ బడికి కావలసిన కాపీలు తక్కువే కాబట్టి జిరాక్స్‌లో అయిపోతాయి. తెలుగును మాట వెంట మాట తర్జుమా చేయకుండా ఆ టీచర్‌నే ఉర్దూలో రాయమనండి. మూడో పేజీ ఎలాగూ మారాలి, తల, వల ఉర్దూ నేర్చే పిల్లకు పనికిరావు.

ఎస్జీటీ_తిప్పర్తి | 27 ఏప్రిల్, సాయంత్రం

పంపిణీ గురించి. పిల్లలతో పంచిపెట్టించవద్దు, బడికి రమ్మనీ పిలవొద్దు. మే 1 నుంచి రేషన్ షాపుల్లో బియ్యం ఇస్తారు, ప్రతి ఇంటి నుంచి ఒకరు తప్పకుండా వస్తారు. బడి పరిధిలోని డీలర్లతో మాట్లాడి, వార్డువారీగా కట్టలు కట్టి ఇవ్వండి. కట్ట మీద బడి పేరు, కాపీల సంఖ్య రాయాలి. డీలర్ దగ్గర బడి పిల్లలున్న ఇళ్ల జాబితా ఉండదు కాబట్టి అడిగిన అందరికీ ఇచ్చేస్తారు. పిల్లల సంఖ్యకన్నా మూడోవంతు ఎక్కువ వేసుకోండి. మిగిలినవి కిరాణా షాపుల్లో, అంగన్‌వాడీల్లో పెట్టొచ్చు. ఇది రంజాన్ నెల. ఉర్దూ కాగితాలు పొద్దున పది, పన్నెండు మధ్య ఇస్తే మంచిది, సాయంత్రం ఇఫ్తార్ హడావుడిలో వద్దు.

ఈ నెల నాగార్జునసాగర్ ఉప ఎన్నిక డ్యూటీ చేసినవాళ్లలో జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం ఏ ఒక్కటున్నా కట్టలు ముట్టుకోకుండా ముందు పరీక్ష చేయించుకోవాలి. 45 దాటనివాళ్లకు ఇంకా టీకా రాలేదు కాబట్టి పంపిణీకి టీకా వేయించుకున్న టీచర్లను పెట్టండి.

వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపేటప్పుడు బ్రాడ్‌కాస్ట్ లిస్టును నమ్ముకోవద్దు. మీ నంబర్ సేవ్ చేసుకోని తల్లిదండ్రులకు అది చేరదు, మనకు మాత్రం పంపినట్టే కనబడుతుంది. తరగతి గ్రూపుల్లో పెట్టండి. ఆడియోను ఒకరినుంచి ఒకరికి ఫార్వార్డ్ చేసుకుంటూ పోతే ఐదు దశలు దాటాక ఒక్కసారి ఒక్కరికే వెళ్తుంది. అందుకని ప్రతి క్లాస్ టీచరూ ఫైలు ఫోన్‌లో దాచుకుని, ఫార్వార్డ్ కాకుండా కొత్తగా అటాచ్ చేసి పంపాలి. రెండు నిమిషాలకు 200 మాటలకు మించి రాయొద్దు, చదివేవాళ్లు తొందరపడతారు. ఆడియో మొదటి వాక్యంలోనే బడి పేరు, రెండో వాక్యంలో 'మీ పిల్లవాడు పాస్' ఉండాలి.

కాంప్లెక్స్_హెచ్ఎం_నల్గొండ | 28 ఏప్రిల్

ధన్యవాదాల పేజీ మళ్లీ రాస్తున్నాం. పేర్ల కోసం శానిటరీ జవాన్లకు ఫోన్లు చేశాం, రెండు వార్డుల పేర్లు వచ్చాయి, మిగతావి రేపొస్తాయి. భోజనం బిల్లులు ఒక బడిలో మార్చివి పెట్టలేదని తేలింది, ఆ హెచ్ఎం గారు ఈరోజే పెడుతున్నారు. ఉర్దూ కాగితం విడిగానే. తెలుగు కాపీలు 1,600 చేశాం. 29న ప్రూఫు, 30న అచ్చు, మే 1 పొద్దున కట్టలు డీలర్ల దగ్గర ఉంటాయి. ఎస్జీటీ మేడం, మూడో పేజీకి పుల్లల కట్టల బొమ్మ మీరు గీసింది ఉంటే స్కాన్ చేసి డాక్యుమెంటుగా పంపగలరు.